పుట్టినరోజుకు ఫత్వా, పుట్టుకకు రుజువు

ఘనపూర్ అంటే మా దిక్కు జనం ఏ ఘనపూర్ అని అడుగుతారు. పాత వరంగల్ జిల్లాలో రెండున్నాయి. రైలు ఆగేది స్టేషన్ ఘనపూర్. కాకతీయుల కోటగుళ్లున్నది ములుగు ఘనపూర్. 2016 అక్టోబరులో జిల్లాలను ముక్కలు చేశాక ఒకటి జనగామకు పోయింది, ఇంకొకటి భూపాలపల్లికి పోయింది. మేము చెప్పబోయేది స్టేషన్ ఘనపూర్‌లో ఒక ఇంటి ముచ్చట.

ఆ ఇంట్లో పిల్లకు మొదటి ఏడు నిండింది. తండ్రి ఆటో నడుపుతాడు. హన్మకొండ నుంచి కేకు తెచ్చిపెట్టాడు. నానీమా తెల్లారే లేచి మలీదా కలిపి, ఎవరినైనా పిలిచి ఫాతెహా ఇప్పించమంది. పిల్ల మేనమామ ఈ రెండూ వద్దన్నాడు. అతను మసీదుకు క్రమం తప్పకుండా పోయే పిలగాడు. జేబులోంచి ఒక కరపత్రం తీశాడు. కేకు కోయడం అన్యమతస్తుల అనుకరణ, మలీదా మీద ఫాతెహా చదవడం బిదత్ అన్నాడు.

ఉర్దూలో నడిచిన మాటలను తెలుగులో రాస్తున్నాం. "నువ్వు పుట్టినప్పుడు అన్నారం షరీఫ్‌ల కందూరు చేసిన బేటా. నీ పేరు ఆ దర్గా ఇచ్చిన పేరే. అదీ బిదతేనా?" అంది తల్లి. కొడుకు కొద్దిసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆ కందూరుకు అబ్బా తెచ్చిన అప్పు నేను బడి మానేసి తీర్చిన అమ్మీ" అన్నాడు.

మేము పాతికేళ్లుగా రెండు భాషల్లో పత్రికా రచన చేస్తున్నాం. బిదత్ మీద ఉర్దూలో పుస్తకాలు చదివాం, ఉపన్యాసాలు విన్నాం. ముస్లిం అస్తిత్వం మీద తెలుగులో వచ్చిన కవిత్వం, కథలు చదివాం, వాటి మీద రాశాం. కానీ తల్లీకొడుకుల ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టిన రచన మాకు అరుదుగా తప్ప కనిపించలేదు. ఉర్దూ మతసాహిత్యం కొడుకు మాట వింటుంది, తల్లిని గద్దిస్తుంది. తెలుగు ముస్లిం సాహిత్యం తల్లి మాట వింటుంది, కొడుకును ఛాందసుడని పక్కన పెడుతుంది. ఈ రెండు లోపాలనూ ఇక్కడ విమర్శకు పెడుతున్నాం.

ముందు కరపత్రం సంగతి.

అది ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన కరపత్రం. అందులో బిదత్ అన్న మాటకు ఎదురుగా "దురాచారం" అని రాశారు. అనువాదంలో జరిగిన మొదటి అన్యాయం ఇదే. దురాచారం అంటే తెలుగు పాఠకుడికి సతీసహగమనం, బాల్యవివాహం, అంటరానితనం గుర్తొస్తాయి. అరబ్బీలో బిదత్ అంటే మునుపు లేనిదాన్ని కొత్తగా మొదలుపెట్టడం. అదే ధాతువు నుంచి వచ్చిన "బదీ" అన్న మాట ఖురాన్‌లో అల్లాహ్‌కు విశేషణం. భూమ్యాకాశాలను ఏ నమూనా లేకుండా సృష్టించినవాడని దాని అర్థం. అదే ధాతువు నుంచి అలంకారశాస్త్రానికి "ఇల్మె బదీ" అన్న పేరొచ్చింది. దేవుడి సృష్టికీ, కవి అలంకారానికీ, ముల్లా అభ్యంతరానికీ మూలం ఒకే మాట. దాన్ని "దురాచారం" అని ఒక్క దెబ్బకు తేల్చేస్తే వెయ్యేళ్ల చర్చ మొత్తం కొట్టుకుపోతుంది.

ఆ చర్చ చిన్నది కాదు. ధర్మంలో లేనిదాన్ని చేర్చితే అది చెల్లదనీ, ప్రతి కొత్త కల్పనా దారి తప్పించేదేననీ ప్రవక్త హెచ్చరించినట్టు ప్రామాణిక హదీసులున్నాయి. వాటిని ఎవరూ కాదనరు. అయితే ఖలీఫా ఉమర్ రంజాన్ రాత్రుల్లో విడివిడిగా తరావీహ్ చదువుకుంటున్నవారిని ఒక్క ఇమామ్ వెనక నిలబెట్టి, ఇది మంచి బిదత్ అన్నాడని కూడా బుఖారీ సంకలనంలోనే ఉంది. ఈ రెంటినీ ఎలా పొసగించాలన్నదే పండితుల సమస్య. ఇమామ్ షాఫయీ మెచ్చదగిన కొత్తది, నిందించదగిన కొత్తది అని విడదీశాడు. 13వ శతాబ్దపు ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలామ్ బిదత్‌ను అయిదు రకాలు చేశాడు. అందులో నిషిద్ధం ఉంది, విధి కూడా ఉంది. 14వ శతాబ్దంలో అందలూసియాకు చెందిన షాతిబీ ఈ విభజనను ఒప్పుకోలేదు. ధర్మంలో మంచి బిదత్ అనేదే లేదన్నాడు. కానీ ఆ మాట ప్రధానంగా ఆరాధనలకే వర్తిస్తుందని, లోకవ్యవహారంలోని అలవాట్లు వాటంతట అవి బిదత్ కావని గీత గీశాడు.

కరపత్రంలో ఆ గీత లేదు. ఉండి ఉంటే మేనమామ ఒక ప్రశ్న వేసుకోవలసి వచ్చేది. పిల్లకు ఏడాది నిండిందని నలుగురు కలిసి తినడం ఆరాధనా, అలవాటా?

ఈ ప్రశ్న మీద ఈనాటి పండితులకూ ఏకాభిప్రాయం లేదు. సౌదీ అరేబియాలో ఇబ్నె బాజ్ వంటి పెద్దలు పుట్టినరోజులను బిదత్ అనీ, అన్యుల అనుకరణ అనీ తోసిపుచ్చారు. అదే దేశంలో 2008లో సల్మాన్ అల్ ఔదా, పండుగ అని పేరు పెట్టకుండా పుట్టినరోజో పెళ్లిరోజో జరుపుకుంటే తప్పులేదని టీవీలో చెప్పాడు. అప్పటి గ్రాండ్ ముఫ్తీ ఆయన్ను ఖండించాడు. ఘనపూర్ పిలగాడి చేతికి మొదటి వాదన చేరింది, రెండోది చేరలేదు. మా ఫిర్యాదు ఆ పిలగాడి మీద కాదు. వాదనలో సగమే అనువదించి సత్యమంతా ఇదేనని పంచినవారి మీద.

ప్రవక్త పుట్టినరోజు మీద జరిగిన వాదం ఇంకా పాతది. ఈజిప్టులో ఫాతిమీ పాలకులు మీలాద్ జరిపారు. 13వ శతాబ్దం మొదట్లో ఇప్పటి ఇరాక్‌లోని ఇర్బిల్‌లో ముజఫ్ఫరుద్దీన్ అనే పాలకుడు దాన్ని ఊరంతా పాల్గొనే ఉత్సవం చేశాడు. మాలికీ పండితుడు ఫాకిహానీ దాన్ని బిదత్ అని ఖండించాడు. 1505లో మరణించిన జలాలుద్దీన్ సుయూతీ మీలాద్‌ను సమర్థిస్తూ ప్రత్యేకంగా గ్రంథమే రాశాడు. అందరూ కఠినుడనుకునే ఇబ్నె తైమియా ఆ ఆచారాన్ని ఒప్పుకోలేదు. కానీ ప్రవక్త మీద ప్రేమతో చేసేవారికి ఆ ప్రేమకు, ఆ ఉద్దేశానికి పుణ్యం దక్కవచ్చునన్నాడు. ఈ ఒక్క మాట ఇవాళ్టి కరపత్రాల్లో దొరుకుతుందేమో వెతకండి.

మన దేశంలోనూ అంతే. దేవ్‌బంద్ పెద్దలకు ఆధ్యాత్మిక గురువైన హాజీ ఇమ్దాదుల్లాహ్ ముహాజిర్ మక్కీ మీలాద్ సభల్లో తాను కూర్చుంటానని రాశాడు. శిష్యుడు రషీద్ అహ్మద్ గంగోహీ ఒప్పుకోలేదు. గురువును శిష్యుడు కాఫిర్ అనలేదు, శిష్యుణ్ని గురువు వెలివేయలేదు. మన హైదరాబాద్‌లో 1876లో జామియా నిజామియాను స్థాపించిన అన్వరుల్లాహ్ ఫారూఖీ మీలాద్‌ను సమర్థించినవాడు. ఆయన ఇద్దరు నిజాములకు చదువు చెప్పిన పండితుడు. దక్కన్ ఉలమా సంప్రదాయం అంటే ఇదీ ఉంది. ఫాతెహా ఇప్పించే నానీమాను చదువులేని మూర్ఖురాలని కొట్టిపారేసేవారు ముందు ఈ సంప్రదాయానికి జవాబు చెప్పాలి.

ఇంకొక మాటను మన ఉర్దూవాళ్లే మరిచిపోయారు. రబీవుల్ అవ్వల్ 12ను మా తాతలు "బారా వఫాత్" అనేవారు. వఫాత్ అంటే మరణం. ప్రవక్త కన్నుమూసింది కూడా ఆ తేదీనే అన్న నమ్మకం ఆ పేరులో ఉంది. మీలాద్‌ను వ్యతిరేకించేవారి వాదనల్లో అదీ ఒకటి. మరణదినాన సంబరమేమిటని వారి ప్రశ్న. కాలక్రమంలో "బారా వఫాత్" పోయి "మీలాదున్నబీ" నిలిచింది. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం ఆ రోజును జాతీయ సెలవుదినంగా ప్రకటించడంతో ఆ పేరే అచ్చుపడింది. ఒక స్మృతిదినం జన్మదినమైంది. ఆచారం మారదనేవారు, ఆచారం ఎప్పటికీ ఇంతేననేవారు ఇద్దరూ ఈ పేరు మార్పును గమనించాలి.

ఇక కేకు. అది విదేశీ అలవాటే. బేకరీ వ్యాపారం ఇంటింటికీ తెచ్చిన అలవాటే. కానీ పుట్టినరోజే విదేశీదంటే మేము ఒప్పుకోం. ఉర్దూలో పుట్టినరోజును సాల్‌గిరహ్ అంటాం. సాల్ అంటే ఏడు, గిరహ్ అంటే ముడి. ఏడు నిండినప్పుడల్లా దారానికి ఒక ముడి వేసేవారు. దక్కనీలో దాన్నే బరస్‌గాంఠ్ అన్నారు. 1580 నుంచి 1612 దాకా గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా తన సాల్‌గిరహ్ మీద, మీలాద్ మీద, వసంతం మీద దక్కనీలో కవితలు రాశాడు. ఆయన కుల్లియాత్‌ను మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ సంపాదకత్వంలో 1940లో హైదరాబాద్‌లో అచ్చువేశారు. నాలుగు వందల ఏళ్ల కిందటి మన మొదటి పెద్ద కవికి పుట్టినరోజు, ప్రవక్త పుట్టినరోజు, ఋతువు పుట్టినరోజు ఒకే పుస్తకంలో ఇమిడాయి.

అయితే ఆ పుస్తకాన్ని చూపించి మురిసిపోవడం మా పని కాదు. అది సుల్తాను పుట్టినరోజు. దారానికి ముడులు లెక్కపెట్టే తీరిక కోటలో ఉంది. ఘనపూర్ చుట్టుపక్కల గుడిసెల్లో పుట్టినవారి ముడులు ఎవరు లెక్కపెట్టారు? 1940 ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్‌ మీద కోర్టులో పోరాడి గెలిచి, దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హతుడైన కామారెడ్డిగూడెం షేక్ బందగీ ఏ నెలలో, ఏ తేదీన పుట్టాడో ఏ దఫ్తరు దాచింది? ఆయన చచ్చిపోయిన తీరు "మా భూమి" నాటకానికి ప్రేరణ అయింది. రోడ్డు పక్కన సమాధి మిగిలింది. పేద ముసల్మానుకు చరిత్రలో దొరికేది వఫాతే, విలాదత్ కాదు.

పేదవాడి ఇంట్లో పుట్టుకకు ఉన్న లెక్క వేరు. ఏడోరోజు స్థోమత ఉంటే అఖీఖా, నలభయ్యో రోజు చిల్లా, నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా. బిడ్డ నిలిస్తే అన్నారం షరీఫ్ యాకూబ్ షావలీకి కందూరు. మా వరంగల్ జిల్లాలో యాకయ్య, యాకమ్మ అని హిందువుల ఇళ్లల్లో పేర్లు వినిపించేది ఆ మొక్కు వల్లే. నల్లగొండ దిక్కు సైదులు అన్న పేరు జాన్‌పహాడ్ దర్గా వల్ల. తేదీ రాయలేని జనం పుట్టుకను పేరులో రాసుకున్నారు. నానీమా తన కొడుకుతో "నీ పేరు ఆ దర్గా ఇచ్చింది" అన్నదంటే, ఆమె దగ్గరున్న జనన రిజిస్టరు అదే.

ఇక్కడిదాకా తెలుగు ముస్లిం సాహిత్యం మాతో వస్తుంది. పీర్లు, అలావాలు, దర్గాలు, జెండాలు, ఫకీరు సాయిబులు 1990ల నుంచి మన కవిత్వంలో, కథల్లో పుష్కలంగా వచ్చాయి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ", 1998లో "జల్‌జలా" సంకలనం, ఆ తర్వాత ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు", షాజహానా "నఖాబ్", స్కైబాబ "అధూరె" మనకు మన ఇళ్లను చూపించాయి. 1992 డిసెంబరు 6 తర్వాత భయంతో ముడుచుకున్న జాతికి ఈ రచనలు నోరిచ్చాయి. ఆ రుణం తీరేది కాదు.

అయినా ఒక లోపం చెప్పాలి. కొడుకు అప్పు మాట ఈ సాహిత్యంలో చాలినంతగా లేదు. మొక్కు చెల్లించడానికి మేకను, బియ్యాన్ని, బండి కిరాయిని ఎవరు భరించారు? కందూరు పొయ్యి ముందు పొద్దంతా ఎవరు కూర్చున్నారు? వంట చేసింది ఆడవాళ్లయితే పేరు ఎవరికొచ్చింది? దర్గా హుండీ ఎవరి చేతికి పోయింది? బిదత్ అన్న మాట పల్లెకొచ్చింది కేవలం అరబ్బు దేశాల డబ్బుతో అని రాస్తే మన చేతికి సులువుగా ఒక విలన్ దొరుకుతాడు. కానీ ఆ మాట వెంట ఇంకొకటి కూడా వచ్చింది. అప్పు చేయకపోయినా అల్లాహ్ వింటాడు, మధ్యలో ఏ ముజావరూ అక్కర్లేదు అన్న ధైర్యం. దూదేకుల ఇంటి పిలగాడికీ, ఫకీరు ఇంటి పిలగాడికీ ఖురాన్ తానే చదువుకోవచ్చునన్న గౌరవం. బడి మానేసి అప్పు తీర్చినవాడికి ఆ ధైర్యం ఎంత విలువైనదో మన కథకులు రాయలేదు. గద్దించే గడ్డంగా మాత్రమే అతను కథల్లోకి వచ్చాడు.

అఫ్సర్ 2013లో ఇంగ్లీషులో ప్రచురించిన పీర్ల పండుగ అధ్యయనాన్ని ఈ సందర్భంలో గుర్తుచేయాలి. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప ఉత్సవం దాని విషయం. పీరును కొలిచేవారి మాటతోపాటు "అసలైన ఇస్లాం" అని వాదించే సంస్కర్తల మాటను కూడా ఆయన నమోదు చేశాడు. కవి చేయలేని పని పరిశోధకుడిగా చేశాడు. ఆ రెండు గొంతులూ తెలుగు కథలోకి ఎందుకు రాకూడదని మా ప్రశ్న.

సెక్యులర్ మిత్రులకు కూడా ఒక మాట. పీర్ల పండుగలో హిందువులు మొక్కుతారు, దర్గాలో అందరూ తింటారు, ఇదే నిజమైన ఇస్లాం అని మీరు మమ్మల్ని మెచ్చుకుంటారు. మెప్పు తియ్యగానే ఉంటుంది. కానీ దానివెనక ఒక షరతు ఉంది. దర్గాకు పోతే మంచి ముస్లిం, మసీదుకు పోతే అనుమానపు ముస్లిం. ఫాతెహా చదివించేవాడు మనవాడు, చదివించనివాడు ఎవరివాడో! ఆరాధనలో ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న హక్కు ఏ జాతికైనా ఉంది. వీరేశలింగం తన సమాజంలోని తంతులను తిట్టినప్పుడు సంస్కర్త అన్నారు. మా పిలగాడు తన ఇంటి తంతును వద్దంటే తీవ్రవాది అంటారా? అతనితో మేము వాదిస్తాం. కానీ మీ మెప్పు కోసం వాదించం.

జన్మదినపు ఊరేగింపుల మీద కూడా ఈ షరతే నడుస్తుంది. 2023 సెప్టెంబరు 28న గణేశ్ నిమజ్జనం, మీలాద్ ఒకే రోజు వచ్చాయి. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. మంచి పని చేశారు. ఊరేగింపు ధర్మంలో భాగమా కాదా అని లోపల వాదించుకునే జాతి, బయట మాత్రం తనే తప్పుకుని సామరస్యాన్ని రుజువు చేసింది. రుజువు చేసే వంతు ఎప్పుడూ మనదే.

రుజువు అన్న మాట దగ్గరే అసలు సంగతి ఉంది.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. జాతీయ పౌర పట్టిక వస్తుందన్నారు. తల్లిదండ్రులు ఎప్పుడు, ఎక్కడ పుట్టారని జనాభా పట్టికలో అడుగుతారన్నారు. 2020 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు తనకే జనన ధ్రువపత్రం లేదని శాసనసభలో చెప్పారు. పెద్ద ఇంటిలో పుట్టినవారికే లేకపోతే కందూరుతో పుట్టుక రాసుకున్నవారికి ఎక్కడిది? మా తరం వాళ్ల పుట్టినతేదీ పంతులుగారు రాసిందే. బడిలో చేర్పించిన రోజు లెక్కగట్టి జూన్ ఒకటో జూలై ఒకటో వేసేవారు. ఊర్లో సగం మంది ఒకే రోజు పుట్టాం! జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. ఆ తర్వాత పుట్టినవారికి బడి, ఓటరు జాబితా, పాస్‌పోర్టు అన్నిటికీ జనన ధ్రువపత్రమే ఆధారం.

ఖాదర్ మొహియుద్దీన్ 1991లో పుట్టుకను మచ్చగా చూపాడు. ఈ దేశంలో ముస్లింగా పుట్టడమే ఒక ఆరోపణ అని ఆ దీర్ఘకవిత మనకు చెప్పింది. మూడు దశాబ్దాల తర్వాత ఆరోపణ ఫారంగా మారింది. పుట్టినట్టు కాగితం చూపించమంటున్నారు. ఇలాంటి కాలంలో పుట్టినరోజు జరుపుకోవడం బిదతా కాదా అని మాత్రమే పోట్లాడుకుంటూ, పుట్టినరోజు ఎక్కడ నమోదైందో చూసుకోని జాతిని ఏమనాలి? జుమా ఖుత్బాలో కేకు గురించి చెప్పే ఇమామ్ సాబ్, ఆ నోటితోనే పిల్ల పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లో పేరు రాయించండి అని చెబితే ఏ ధర్మశాస్త్రం అడ్డొస్తుంది? అది అలవాటు కాదు, ఆరాధన కాదు. ఇజ్జుద్దీన్ చెప్పిన అయిదు రకాల్లో విధిగా చేయవలసిన కొత్త పని ఏదైనా ఉంటే ఇవాళ మనకు అదే అని మా అభిప్రాయం. ఇది ఫత్వా కాదు. మేము ముఫ్తీలం కాము, పత్రికా రచయితలం.

కాబట్టి మా విమర్శ మూడు మాటలు. ఉలమాకు: బిదత్ మీద తెలుగులో రాసేటప్పుడు చర్చనంతా తేండి, తీర్పును మాత్రమే తేకండి. రచయితలకు: నానీమాను రాసినంత ప్రేమతో మేనమామను కూడా రాయండి, అతని అప్పును రాయండి. సెక్యులర్ మిత్రులకు: మా ఇంట్లో వాదన జరుగుతుంటే మీకు నచ్చినవాళ్లకు మార్కులు వేయకండి.

ఘనపూర్‌లో ఆ రోజు ఏం జరిగిందో చెప్పి ముగిస్తాం. పిల్లల ఏడుపుకు కేకు కోశారు. ఫాతెహా చదవలేదు. మలీదా మాత్రం నానీమా ఎవరినీ అడగకుండా పంచింది. మేనమామ ఒక ముద్ద తీసుకుని, చదవనప్పుడు ఇది తిండే కదా అన్నాడు. తల్లి నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆ తర్వాత పిల్ల తండ్రి జనన ధ్రువపత్రం తీసి మాకు చూపించాడు. ఆధార్‌లో తన పేరు ముందు "షేక్" అని ఉంది, ఇందులో "ఎస్‌కె." అని పడింది. సరిచేయించడానికి రెండుసార్లు పోతే రెండుసార్లూ మళ్లీ రమ్మన్నారట.

"అన్నా, ఇది ఎక్కడ దిద్దుతరు?" అని అడిగాడు. కరపత్రం పక్కన పెట్టి ఆ కాగితాన్ని మేనమామ కూడా చేతిలోకి తీసుకున్నాడు. సోమవారం ఇద్దరం కలిసి పోదాం అన్నాడు బావతో.